శుభ్రం చేయని రికార్డింగు

నాకు పాసులు వద్దని నాలుగోసారి చెప్పాను. ఫోనులో అవతల ఉన్న అమ్మాయి ఓపికను మెచ్చుకోవాలి. "సర్, ఇవి మామూలు పాసులు కావు. స్టేజీని ఆనుకుని నిలబడే జోన్," అంది. నాకు యాభై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పులే. మూడు గంటలు నిలబడడం ఏ రకంగా గౌరవమో అర్థం కాలేదు.

"నాకు రికార్డింగు కావాలమ్మా. మీవాళ్ళు మా పొలంలో చేసుకున్నది. మొత్తం కావాలి," అన్నాను.

"తప్పకుండా సర్, నోట్ చేసుకున్నాను. పాసులు ఇద్దరికా, ముగ్గురికా?"

ఆ అమ్మాయి ఒక గాయని దగ్గర కోఆర్డినేటరు. ఆ గాయని ఊరూరా పెద్ద పెద్ద అరీనాల్లో పాడుతూ తిరుగుతోంది. ప్రతి ఊళ్ళోనూ ప్రదర్శన మొదలయ్యేది నా భార్య గొంతుతో. దీపాలన్నీ ఆర్పేస్తారట. చీకట్లో ఒక ఆడమనిషి కేక వినిపిస్తుందట. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. మూడోదాని చివర డప్పులు అందుకుంటాయి, తెరమీద పొగమంచు, కొండలు. జనం ఫోన్లు పైకెత్తుతారు. ఆ వీడియోలు నేను చూశాను. పెదబయలు గ్రంథాలయంలో నా ఉద్యోగం. అక్కడ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు భోజనాల వేళ పెట్టుకుంటే, పత్రికల బీరువా వెనక నిలబడి మొదటిసారి విన్నాను. అప్పటికి ఆమె పోయి ఆరు నెలలు.

ఆ కేక పాట కాదు. ఇది చాలామందికి చెప్పి చూశాను. చోడి, అంటే రాగి, గింజ పట్టే రోజుల్లో మా కొండ మీద ప్రతి పొలంలోనూ ఒక మంచె ఉంటుంది. చిలకల్నీ పిచ్చుకల్నీ తోలడానికి మంచె ఎక్కి డబ్బా కొడతారు, కేకలు వేస్తారు. ఒక మంచె మీద కేక పడితే పక్క మంచె మీద నుంచి మారు కేక రావాలి. అది పిట్టల కోసం కాదు. పక్క పొలంలో మనిషి మెలకువగా ఉన్నాడని తెలియడానికి. మూడు కేకలకీ బదులు రాకపోతే ఎవరో ఒకరు మంచె దిగి చూడడానికి వెళ్తారు. పాము కరిచిందో, జ్వరం వచ్చిందో, లేదా సుఖంగా నిద్రపోతున్నారో. నిద్రపోతున్నవాళ్ళకి తిట్లు పడతాయి. ఇందులో ఇంతకన్నా లోతైన అర్థం ఏమీ లేదు.

ఆ కేకతో మొదలయ్యే పాటని నెట్‌లో పెట్టి, దాని కింద మాత్రం "తప్పిపోయిన బిడ్డను పిలిచే అడవితల్లి" అని రాశారు. మాకు పిల్లలు లేరు. ఆమె పిలిచింది చెల్లెల్ని. ఆ చెల్లెలు తప్పిపోలేదు, వంద గజాల అవతల మంచె మీద కూర్చుని ఉంది.

రికార్డింగుకి ఆ గాయని మనుషుల్ని కొండెక్కించింది నేనే. రెండేళ్ళ కిందటి నవంబరులో, వలిసె పూలు చూడడానికి అరకు వచ్చే జనంతో పాటు వీళ్ళూ వచ్చారు. 'అసలైన గిరిజన గొంతు' కావాలని మండలమంతా తిరిగారు. పుస్తకాలు చదివే మనిషి ఒకడున్నాడని ఎవరో చెబితే గ్రంథాలయానికి వచ్చారు. నాకు ఆ రోజు సెలవు పెట్టాలనిపించింది. ఎవరైనా వచ్చి మన కొండ గురించి అడిగితే చెప్పాలని ఉంటుంది కదా. రోడ్డు పక్క కారాపి పైకి నడుస్తుంటే ఆమె కేక వినిపించింది. వాళ్ళు నిలబడిపోయారు. ఇదే, ఇదే అన్నారు. ఒకడు ఫోను తెర మీద ఒప్పందం చూపించి, ఆమెతో వేలితో సంతకం పెట్టించుకున్నాడు. ఆమె దాన్ని చదవలేదు. చదివింది నేనే, బాగానే ఉందన్నాను.

మరుసటి వానాకాలంలో జ్వరం వచ్చింది. మొదట పాడేరు ఆసుపత్రి, తర్వాత విశాఖపట్నం. తొమ్మిది రోజులు. దాని గురించి ఇక్కడ రాయను.

ఇంట్లో ఫొటోలున్నాయి. ఆమె గొంతు లేదు. ఫోను తనవైపు తిప్పితే నోరు బిగించుకునేది, తిప్పినవాళ్ళు విసిగి పక్కన పెట్టేదాకా విప్పేది కాదు. ఊళ్ళో సిగ్నలు లేదు కనక మాకు ఫోనులో మాట్లాడుకునే అలవాటే లేదు. ఆమె మాట ఎక్కడైనా మిగిలి ఉంటే అది ఆ రికార్డింగులోనే ఉండాలి. పాటలో ఉన్నది ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలోనూ గొంతు సన్నం చేశారు. ఆమెది బొంగురు గొంతు. మిగిలినదంతా వినాలి. నాకు కావలసింది అదొక్కటే.

మొదట మెయిలు రాశాను. 'మీ ప్రేమకు ధన్యవాదాలు' అని జవాబు వచ్చింది. రెండో మెయిలుకి చొక్కా సైజు అడిగారు. కొన్నాళ్ళకి పార్సెలు వచ్చింది. విప్పితే ఒక నల్ల టీషర్టు, దాని మీద తెల్ల గీతలు. అవి నా భార్య కేక ఆకారమట. నా మరదలు, అంటే ఆ పక్క మంచె మీది చెల్లెలు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి బావా ఇది? దువ్వెన బొమ్మలాగుంది."

"మీ అక్క గొంతట."

"అక్క గొంతు ఇంత తిన్నగా ఎప్పుడుందీ?" అంది. ఆ టీషర్టు ఇప్పుడు వాళ్ళింట్లో పొయ్యి మీద గిన్నెలు దించడానికి వాడుతున్నారు.

ఆ తర్వాత కోఆర్డినేటరు అమ్మాయి వచ్చింది, ఫోనులో. టూరు విశాఖపట్నంలో ముగుస్తుంది, అక్కడ 'అమ్మకి ట్రిబ్యూట్' ఉంటుంది, తెర మీద వెయ్యడానికి ఒక ఫొటో పంపండి అంది. పంపాను. చలికి మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, చోడి పొలం గట్టు మీద నిలబడిన ఫొటో. అందులో ఆమె కాస్త కోపంగా ఉంది, అంటే మామూలుగా ఉంది.

"సర్, చాలా బావుంది. కానీ వేరేది ఏమైనా... ట్రెడిషనల్‌గా? ముక్కుపోగులు, అలాంటివి?"

"ముక్కుపోగులు మా అత్తగారివి, ఆవిడతోనే పోయాయి."

"ఓ, అయామ్ సారీ సర్. అయితే అత్తగారి ఫొటో ఉందా?"

ఫోను పెట్టేశాను. మళ్ళీ అరగంటకి నేనే చేశాను, ఎందుకంటే రికార్డింగుకి మరో దారి లేదు. ఈ విషయంలో నాకు బాగా విసుగు తెప్పించింది అదే. కోపం వచ్చిన ప్రతిసారీ మర్యాదగా తిరిగి ఫోను చెయ్యవలసి వచ్చింది.

చివరికి, ప్రదర్శన రోజు పొద్దున్నే వస్తే సౌండు చూసే ఆయన్ని కలపగలనని ఆ అమ్మాయి మాటిచ్చింది. మరదలు తానూ వస్తానంది. ఒక సంచిలో రెండు కేజీల రాజ్మా పోసుకుంది.

"ఎవరికి?"

"ఎవులికేటి? ఆళ్ళింటికెల్తన్నాం గదా. సేతులూపుకుని ఎల్తామేటి?"

"అది ఇల్లు కాదే. ఇనప చట్రాలతో కట్టిన షెడ్డు."

"సెడ్డయితే మాత్రం? మనుసులుండరా?"

తెల్లవారుతుండగా బయల్దేరి పదకొండింటికి చేరాం. ఊరి చివర మైదానంలో కట్టారు. లోపలికి వెళ్తే నీలం కుర్చీలు, వరస వెనక వరస, ఎక్కడా మనిషి లేడు. పైన చట్రాలకి మనుషులు వేలాడుతూ దీపాలు బిగిస్తున్నారు. మా ఇద్దరి చేతులకీ కాగితపు పట్టీలు అంటించారు. మరదలు దాన్ని గోళ్ళతో పీకబోతే కోఆర్డినేటరు పరుగెత్తుకొచ్చింది. పాపం, పాతికేళ్ళు కూడా ఉండవు. రెండు ఫోన్లు, మెడలో మూడు కార్డులు, నిద్రలేని కళ్ళు.

"సర్, ముందు ఒక చిన్న బైట్. కెమెరా రెడీగా ఉంది. అమ్మ గురించి ఒక్క నిమిషం. మీరెలా ఫీలవుతున్నారో."

"రికార్డింగు గురించి అడగడానికి వచ్చాను."

"అది తర్వాత సర్. దానికి ప్రొడక్షన్ అడగాలి, ప్రొడక్షన్ లీగల్‌ని అడగాలి. ముందు బైట్ అయిపోతే—"

"సూడు గుంటా," అంది మరదలు. "నువ్వేటైనా తిన్నావా పొద్దున్నుంచి?"

ఆ అమ్మాయి ఆగి, లేదన్నట్టు తలూపింది.

"మరి ఆ పరుగులేటి? తిని రా. మేమెక్కడికీ పోం."

ఆ అమ్మాయి వెళ్ళలేదు గానీ బైట్ గురించి మళ్ళీ అడగలేదు. మమ్మల్ని మధ్య వరసలో కూర్చోబెట్టింది. అక్కడికి కొంచెం ముందు ఒక బల్ల, దాని మీద వందలాది మీటలు, దాని వెనక గడ్డం ఉన్న మనిషి. సౌండు చూసే ఆయన అతనేనని చెప్పింది. ఇప్పుడు సౌండు చెక్ జరుగుతోంది, అరగంట మాట్లాడకూడదట. కూర్చున్నాను. వేదిక మీద ఆ గాయని మెడకి శాలువా చుట్టుకుని ఫ్లాస్కు మూతతో వేన్నీళ్ళు తాగుతోంది. వీడియోల్లో కన్నా చిన్న మనిషి. జలుబు చేసినట్టుంది.

అప్పుడు కేక వచ్చింది.

అన్ని వైపుల నుంచీ వచ్చింది, కుర్చీల కింద నుంచి కూడా. ఫోనులో విన్నదానికీ దీనికీ పోలిక లేదు. అయినా నాకు మొదట కలిగింది చిరాకే. గొంతు మరీ సన్నం చేశారు. రెండోది వచ్చింది. అందులో చివర ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది, అది పాటలో లేదు. మూడోది వచ్చింది. డప్పులవాళ్ళు కర్రలు ఎత్తారు.

నా పక్కన మరదలు లేచి నిలబడింది. చెయ్యి నోటి పక్కన పెట్టుకుంది. "హో... హోహోయ్!" అని మారు కేక వేసింది.

ఖాళీ కుర్చీల మధ్య అది చాలా దూరం వెళ్ళింది. కర్రలు అక్కడే ఆగిపోయాయి. పైన దీపాలు బిగిస్తున్నవాళ్ళు కిందికి చూశారు. గాయని చెవుల్లోంచి ఏదో తీసి మా వైపు చూసింది. కోఆర్డినేటరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మరదలు తన చుట్టూ చూసుకుని నెమ్మదిగా కూర్చుంది.

"ఏటే అది?" అన్నాను.

"అక్క మూడోపాలి కూడా కేకేసీసింది బావా. నానెలాగ ఊరుకుంతాను?"

గడ్డం మనిషి మీటలు వదిలేసి మా వరసలోకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. అతను నన్ను చూడనే లేదు. మరదలి ముందు వంగి, "అమ్మా, ఇంకోసారి అనండి," అన్నాడు.

"ఎందుకూ? ఇనబడనేదా?"

"వినబడింది. ఈ గొంతు నాకు తెలుసు. ఆ రికార్డింగులో ప్రతి కేక వెనకా ఇదే వస్తుంది. దీన్ని తీసెయ్యడానికి నాకు రెండు రోజులు పట్టింది." నవ్వుతున్నాడు. పని బాగా చేసినవాడి నవ్వు. "మొత్తం శుభ్రం చేసేశాను. ఈ గొంతు, గాలి, ఎవరో డబ్బా కొట్టడం, ఎవరో మగాయన మాటలు..."

"నన్నెందుకు తీసీనావు?"

"అది డిస్టర్బెన్స్ అమ్మా."

"నానా? నాను మారు పలక్కపోతే మా అక్క మంచె దిగొచ్చీసును. అప్పుడు నీకు కేకా లేదు, ఏటీ లేదు."

 నెలల తరబడి ఎవరిని అడగాలో తెలియని ప్రశ్న అప్పుడు అడిగాను. "తీసేసినవన్నీ పారేశారా?"

"ఒరిజినల్ ఎవరూ పారెయ్యరు సార్. నా డ్రైవులోనే ఉంది. మీరెవరు?"

చెప్పాను. అతను నా ఫోను కోసం చెయ్యి చాచాడు. కోఆర్డినేటరు లీగల్ అనబోయింది. అతను ఆమె వైపు తిరిగి, "నువ్వు వెళ్ళి టిఫిన్ చెయ్యి," అన్నాడు. ఆ పొద్దున ఆ మాట చెప్పిన రెండో మనిషి. ఈసారి వెళ్ళింది.

నాలుగు నిమిషాల్లో ఆ ఫైలు నా ఫోనులోకి వచ్చింది. నాలుగు నిమిషాల పని. ఎనిమిది నెలల మెయిళ్ళు, ఫోన్లు, టీషర్టు.

ఈలోపు గాయని వేదిక దిగి వచ్చింది. వచ్చి మరదలి పక్క కుర్చీలో కూర్చుని, ఆ కేకకి అర్థం ఏమిటని అడిగింది. మరదలు చెప్పింది. చిలకలు, చోడి, పక్క మంచె. గాయని శ్రద్ధగా విన్నది. "నేను బిడ్డను పిలుస్తోందనుకున్నాను," అంది, గొంతు బొంగురుపోయి ఉంది. "అందరం అలాగే అనుకున్నాం."

"ఎన్ని ఊళ్ళు తిప్పినారమ్మా మా అక్కని?"

"పదకొండు."

"పదకొండూళ్ళలోనూ మూడేసి కేకలు ఏయించీసినారు. ఒక్క ఊళ్ళోనన్నా ఎవులన్నా మారు పలికినారా?"

గాయని లేదంది. జనం అరుస్తారు, కానీ అది వేరు అంది. తర్వాత, ఈ సాయంత్రం మీరు వేదిక మీదికి వచ్చి పలుకుతారా అని అడిగింది. అడుగుతుందని నాకు ముందే తెలుసు. మరదలు ఆలోచించకుండానే తల అడ్డంగా ఊపింది.

"నానొకపాలి పలికీసినాను. సాలు." వెళ్ళబోతూ రాజ్మా సంచి సౌండు మనిషి చేతిలో పెట్టింది. "రేత్రి నానబెట్టి వండించుకో. కుక్కరైతే ఆరు కూతలు," అంది. అతను సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

గేటు దగ్గర కోఆర్డినేటరు ఇడ్లీ పొట్లంతో ఎదురైంది. "షో చూడకుండా వెళ్ళిపోతారా సర్? ఇంత దూరం వచ్చి?" నిజంగానే బాధపడింది. దేనికోసం వచ్చానో ఆ అమ్మాయికి ఇప్పటికీ తెలియదని అనుకుంటాను. చెప్పీ చెప్పీ అలిసిపోయాను కనక నమస్కారం పెట్టి వచ్చేశాను.

మధ్యాహ్నం బస్సు దొరికింది. శృంగవరపుకోట దాటి ఘాట్‌రోడ్డు మొదలయ్యేదాకా ఆగాను. అప్పుడు ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో, ఒకటి మరదలి చెవిలో పెట్టి ఫైలు నొక్కాను. పందొమ్మిది నిమిషాలుంది.

మొదట గాలి. తర్వాత అడుగుల చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు. చోడిలో ఎన్ని రకాలో, ఏది ముందు కోతకొస్తుందో, కొండ మీద మంచె ఏ వాలులో వేస్తారో, మైదానాల్లో ఎలా వేస్తారో చెబుతోంది. తొందర లేని, చదువుకున్న గొంతు. చెప్పుకుంటూ పోతోంది. దూరంగా ఆమె కేక వేసింది, చెల్లెలు మారు పలికింది. ఆ గొంతు ఆగలేదు. పక్షుల తెలివి గురించి ఏదో పుస్తకంలో చదివినది చెప్పడం మొదలెట్టింది.

"ఎవుడు బావా ఈడు?" అంది మరదలు. వెంటనే నా ముఖం చూసి నోటికి పైటకొంగు అడ్డం పెట్టుకుంది.

నేనే. నేను తక్కువ మాట్లాడేవాణ్ణని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకునేదని అనుకున్నాను. తర్వాత గడియారం పెట్టుకుని చూశాను. పందొమ్మిది నిమిషాల్లో పదకొండు నిమిషాలు నేను మాట్లాడాను. ఆమె గొంతు ఉన్న ఒకే ఒక్క రికార్డింగులో.

ఏడో నిమిషంలో ఆమె నన్ను పిలిచింది. "ఇదిగో, ఇన్నావా?" బొంగురు గొంతు, సన్నం చెయ్యనిది. నేను వాళ్ళకి సామల గురించి చెబుతున్నాను. కొంతసేపటికి మళ్ళీ, "ఓయ్, నిన్నే." నేను వినలేదు. వినబడనంత దూరం కాదు, మంచె కిందే ఉన్నాను.

"అక్క పిలుత్తంది బావా, పలకవేటి?" అంది మరదలు. బస్సులో, రెండేళ్ళ తర్వాత. ఆమె కళ్ళు ముందు సీటు మీద ఉన్నాయి. నిజంగానే కోపం వచ్చింది తనకి.

మూడోసారి ఆమె నన్ను పిలవలేదు. వచ్చినవాళ్ళనే పిలిచింది. "అయ్యా, మిమ్మల్నే. ఆ మేస్టార్ని కబుర్లు ఆపి డబ్బా కొట్టమనండి. గట్టోర సిలకలు వాలిపోనాయి. అంతా తినేత్తన్నాయి." ఎవరో నవ్వారు. నా మాట అక్కడ సగంలో ఆగింది. తర్వాత డబ్బా మోత.

దాదాపు రెండు నిమిషాలు కొట్టాను. సిగ్గుపడి కొట్టినట్టున్నాను, చాలా గట్టిగా కొట్టాను. ఆ మోత వెనక ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. మాటలున్నాయని తెలుస్తోంది, ఒకచోట నవ్వినట్టు కూడా ఉంది. ఒక్క ముక్క అందదు. డబ్బా ఆగేసరికి ఎవరో "ఓకే, చాలు," అన్నారు. రికార్డింగు అయిపోయింది.

ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బస్సులో, గ్రంథాలయంలో, కాఫీ తోట పైన బండ మీద. చివరి రెండు నిమిషాల మాటలు అందలేదు. సౌండు మనిషి తన నంబరు ఇచ్చాడు. ఆ డబ్బా మోత ఒక్కటీ తీసెయ్యడం కుదురుతుందా అని అతనికి ఒక మెసేజి రాశాను. ఎనిమిది నెలల పాటు శుభ్రం చెయ్యనిదే కావాలని పోరాడినవాణ్ణి. పంపేముందు మరదలికి చదివి వినిపించాను. ఆమె కాఫీ పళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు.

"డబ్బా ఆపీమంటావా?" అంది. "అక్కే గదా కొట్టమంది."

మెసేజి ఫోనులోనే ఉంది, పంపలేదు.